పులిహోర దగ్గర ఓడిన జెల్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఏర్పేడు దగ్గరి ఒక పరిశోధన సంస్థకు, పాలిమర్ విభాగంలో సీనియర్ సైంటిస్టుగా బదిలీ మీద వచ్చాను. ఉద్యోగంలో అదే నా ఆఖరి మజిలీ. పులికాట్ నుంచి రొయ్యల పొట్టు తెప్పించి, దాన్నుంచి కైటోసాన్ అనే పాలిమర్ తీసి, షుగరు వల్ల మానని కాలిపుళ్ళ మీద వేసే జెల్ పట్టీలు చేయడం మా పని. పొట్టు వచ్చిన రోజు క్యాంటీన్ వాళ్ళు మా వైపు కిటికీలు మూసేసేవారు.

ల్యాబ్‌లో జెల్ భేషుగ్గా నిలిచింది. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక, తిరుపతిలో సర్జన్ సుగుణ గారి దగ్గర కొద్దిమంది రోగులతో పరీక్ష మొదలుపెట్టాం. వాళ్ళలో వరదాచార్యులు ఒకరు. ఒక చిన్న గుడి పోటులో, అంటే వంటశాలలో, పులిహోర ఆయన చేతి మీదే సాగేది. కుడికాలి బొటనవేలి కింద పుండు. సమ్మతి పత్రం చదివి వినిపిస్తూ రొయ్యల సంగతి దగ్గర నేను నసిగాను. ఆయన నవ్వేశారు.

“శంఖం మాత్రం యాడిది సార్? అదీ సముద్రంలో పురుగు ఇల్లే గదా. కట్టండి!”

మిగతా అందరి పుళ్ళూ మానుముఖం పట్టాయి. ఈయన పట్టీ మాత్రం ప్రతిసారీ గంజిలా జారిపోయి ఉండేది. నీళ్ళు తగిలాయా అంటే, స్నానానికి కవరు కట్టుకుంటున్నానని, చుక్క తగల్లేదని ఒట్టు. పుండు లోతెక్కింది. ఇంకో వారం చూసి వేలు తీసేస్తానని సుగుణ గారు తేల్చి చెప్పారు. నాకు భయం పట్టుకుంది. మా పరీక్షలో చేరకపోతే ఆయన వేలు దక్కేదేమో!

ఎప్పుడూ ఇంట్లో స్నానం చేసి, పైకట్టు మార్చుకుని వచ్చే మనిషి, ఆ వారం గుడి నుంచి నేరుగా వచ్చారు, చేతిలో పులిహోర పొట్లంతో. సుగుణ గారు కట్టు విప్పుతుంటే నేను పొట్లం విప్పాను. రెండింటిదీ ఒకటే వాసన! లిట్మస్ కాగితం కట్టుకు ఆనిస్తే ఎర్రబడింది. కైటోసాన్ నీళ్ళకు చలించదు గాని పులుపుకు కరుగుతుంది. పట్టీ పోత పోయడానికి మేమే దాన్ని వెనిగర్ లాంటి ద్రావణంలో కరిగిస్తాం. పోటులో చెప్పులు వేసుకోరు. చింతపండు పిసికే చోట నేలంతా పులుసే. షుగరుతో మొద్దుబారిన కాలికి ఆ మంట తెలియలేదు.

“కాలు కింద పెట్టొద్దని సెప్తే పోటుకు పోతావుండారా స్వామీ?” సుగుణ గారు మండిపడ్డారు.

“అది కైంకర్యం గదమ్మా. మానేది యాడన్నా ఉండాదా?”

పరీక్ష మధ్యలో జెల్ మార్చాలంటే మళ్ళీ కమిటీ అనుమతి కావాలి. అందుకని ఆయన చోటే మార్చాం. పోటు గడప బయట కుర్చీ, కాలు పీట మీద. అక్కడి నుంచే లోపలివాళ్ళ మీద కేకలు. పుండు మానింది, వేలు దక్కింది.

నియమం తప్పిన రోగి కాబట్టి ఆయన్ను ఫలితాల్లోంచి తీసేద్దామన్నారు మా విభాగాధిపతి. నేను ససేమిరా అన్నాను. జెల్ ఎక్కడ ఓడిందో కూడా రాశాం. తర్వాత పాలిమర్ గొలుసుల మధ్య ముడులు పెంచి, పులుపుకు ఉబ్బినా కరగని జెల్ చేశాం.

జెల్‌ను ముంచి చూసే ద్రావణాన్ని రోగి బతికే చోటి నుంచి తెచ్చుకోవాలని ఆ ఉదంతం నేర్పింది. నేను రిటైరయ్యేనాటికి మా ల్యాబ్‌లో ప్రతి కొత్త జెల్ ముందు చింతపండు పులుసులో మునిగేది. ఆ పులుసు వరదాచార్యులే తెచ్చిచ్చేవారు, పది వేళ్ళతో నడిచొచ్చి.