చేతులు బార్లా చాపు!

వెర్లిన్ స్టకీ మనుషుల మొహాలు చూడడు, చేతులు చూస్తాడు. ఎదుటి మనిషి రెండు చేతులూ బార్లా చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకి ఎన్ని అంగుళాలో తెలిసేదాకా ఆయనకి నిద్ర పట్టదు. మా ఇండియానా రాష్ట్రంలో బాస్కెట్‌బాల్ పిచ్చి లేని ఊరు ఎలాగూ ఉండదు. మా ప్రెంటిస్ ఊళ్ళో ఒకడికి గురి పిచ్చి, ఒకడికి ఎత్తు పిచ్చి. వెర్లిన్‌ది మాత్రం బార పిచ్చి.

"ఎత్తుదేముంది ఆర్డిత్? బీరువా కూడా ఎత్తుగానే ఉంటుంది. బంతి పట్టుకుంటుందా?" అనేవాడు నాతో.

ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. పిల్లలు మెట్టెక్కగానే "చేతులు బార్లా చాపు!" అని కేకేసి, జేబులోంచి పాత బట్ట టేపు తీసేవాడు. దాని మొదట్లో పట్టుకోవడానికి వీలుగా నల్లతోలు ముక్క కుట్టి ఉండేది. కొలిచి, పుస్తకంలో రాసుకుని, "భేష్! నిన్నటికన్నా పెరిగావు" అని పంపేవాడు. బస్సు రోజూ పావుగంట ఆలస్యం. హెడ్‌మాస్టరుగారు నిలదీద్దామని ఒకరోజు బస్సు దగ్గరికి వచ్చి, తనే చేతులు చాపి నిలబడి, సంతోషంగా వెనక్కి వెళ్ళిపోయారు.

రిటైరయ్యాక పిచ్చి ఇంకా ముదిరింది. చర్చిలో పసిపిల్లకి బాప్తిస్మం ఇస్తుంటే పాస్టరుగారి పక్కన టేపుతో తయారు. "ఇరవై రెండంగుళాలు! జాగ్రత్తగా పెంచండమ్మా, డిఫెన్సుకి పనికొస్తుంది." మా ఊరి హోబర్ట్ కార్చిన్ పోయినప్పుడు శవపేటిక దగ్గర నిలబడి తల పంకించాడు. "ఆరడుగుల నాలుగుంటుంది. ఏం లాభం, ఒక్కనాడూ ఎగిరి బంతి అందుకోలేదు." హోబర్ట్ పెళ్ళాం కళ్ళు తుడుచుకుంటూ, "మంచం మీంచే లేచేవాడు కాదు, ఇంక ఎగరడం కూడానా!" అంది. ఆ ఇంట్లో ఆ వారంలో నవ్వు వినపడింది అప్పుడే.

మా హోటల్లో టీవీ ఎదురుగా ఉన్న బల్ల ఆయనది. పెద్ద కాలేజీలు ఏ కుర్రాణ్ణి ఎగరేసుకుపోతున్నాయో చూసి తీర్పులు చెప్పడం ఆయన ఉద్యోగం. ఒక ఏడాది ఎవడో కుర్రాడి కోసం నలభై కాలేజీలు వెంటపడ్డాయి. చివరికి మా రాష్ట్రం కాలేజీకే వస్తానన్నాడు. ఊరంతా హారన్లు మోగిస్తూ తిరిగింది. వెర్లిన్ ఒక్కడే పేపర్లో ఫోటో చూసి పెదవి విరిచాడు.

"చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. దాచుకున్నాడంటే పొట్టివే!"

"చలికి పెట్టుకున్నాడేమోనయ్యా!"

"చలైతే టోపీ ఏదీ?"

జీతాలిచ్చి ఆడించే వృత్తి జట్ల సంగతైతే చెప్పక్కర్లేదు. ఏటా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే రోజున, పేరు పిలవగానే కుర్రాడు లేచి వాళ్ళమ్మని కౌగిలించుకుంటాడు కదా, వెర్లిన్‌కి కావలసింది ఆ ఒక్క క్షణమే. "అదిగో! చేతులు ఆవిడ వీపు చుట్టూ తిరిగి మళ్ళీ ముందుకొచ్చాయి! వీణ్ణి ఇరవై రెండోవాడిగా పిలుస్తారా? బుద్ధి లేదూ వీళ్ళకి?" మా రాష్ట్రం జట్టులో పదిహేను మంది బారలూ కూడి, మొత్తం మీద నాలుగడుగులు తక్కువైందని మేనేజరుకి ఉత్తరాలు రాసేవాడు. ఏడేళ్ళలో ఒక్క జవాబు వచ్చింది. విప్పి చూస్తే సీజన్ టికెట్ల ధరల పట్టీ. దాన్ని పటం కట్టించి, "ఆలోచిస్తున్నారు" అన్నాడు.

ఒక్కటి మాత్రం నిజం. చేతులు తప్ప ఇంకేది కొలవమన్నా ఆయన చెడగొట్టేవాడు. మా హోటల్ కిటికీలు కొలిచి ఇస్తే, ఆ లెక్కన కుట్టించిన పరదాలు నేల ఊడ్చాయి. చర్చికి తివాచీ కొలిస్తే అది రెండంగుళాలు గోడెక్కింది. ప్రతి ఆదివారం పాస్టరుగారు అక్కడే కాలు తట్టుకుని, ప్రభువు పేరు ప్రసంగం కన్నా ముందే తలచుకునేవారు.

"కొలతలు రాని మనిషివి, నీకా టేపెందుకయ్యా?" అని నేను దెప్పితే, పంచదార క్రీముతో చేసే 'పై' మిఠాయి ఇంకో ముక్క పెట్టమనేవాడు.

ఇంతలో మా డార్సీ సంగతి వచ్చిపడింది. నా కూతురు. ఐదడుగుల తొమ్మిది ఎత్తు, గాలికి కూడా గట్టిగా ఎదురు నిలిచే మనిషి. స్కూలు బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతుంది, ఇదే ఆఖరి సంవత్సరం. నలభై కాలేజీలు కాదు కదా, ఒక్కటి కూడా దాని తలుపు తట్టలేదు. చివరికి కాల్డర్ అనే చిన్న కాలేజీ నుంచి దరఖాస్తు కాగితం వచ్చింది. జట్టులో ఉన్నది ఒకే ఒక్క ఖాళీ. చోటు దొరికితే చదువు ఉచితం, లేకపోతే నాతోపాటు ఇక్కడే బల్లలు తుడవాలి. కాగితంలో ఎత్తు పక్కన ఇంకో గడి ఉంది: బార. డార్సీ నన్ను అడగలేదు, వెర్లిన్‌ని అడిగింది. "సరిగ్గా ఆరడుగులు!" అని ఆయనే తన చేత్తో రాసిచ్చాడు.

గురువారం మధ్యాహ్నం కాల్డర్ కాలేజీ కోచ్ ఇన్‌మన్ స్వయంగా దిగింది. యాభై దాటిన మనిషి, నవ్వు ఊరికే పారేసే రకం కాదు. నేను ముందురోజే వెర్లిన్‌ని బతిమాలాను.

"నీకు దణ్ణం పెడతాను, రేపు నోరు మూసుకుని కూర్చో. ఆవిడ చేతుల గురించి ఒక్క ముక్క మాట్లాడావంటే ఈ జన్మలో నీకు పై ముక్క పెట్టను."

"ఒట్టు" అన్నాడు.

కోచ్ కాఫీ తాగి, సంచిలోంచి ఇనప టేపు తీసింది. "నేను ఎవరి మాటా నమ్మనమ్మా. చేతులు చాపు." డార్సీ చాపింది. నేను వెర్లిన్ వైపు చూశాను. ఎన్నడూ లేనిది, ముందున్న పై ముక్క ముట్టుకోలేదు.

"ఐదడుగుల పది" అంది కోచ్. మళ్ళీ కొలిచింది. "ఐదడుగుల పదే. ఇక్కడ ఆరని రాశారు. చూడమ్మా, పొట్టి చేతులతో నాకు పేచీ లేదు. అబద్ధం రాసేవాళ్ళని మాత్రం తీసుకోను."

డార్సీ మొహం పాలిపోయింది. "అబద్ధం కాదండీ. చిన్నప్పట్నించీ వెర్లిన్ తాతే కొలుస్తాడు..."

వెర్లిన్ లేచాడు. "పిల్లకేం తెలీదు, కోచ్‌గారూ. తప్పు నాది." జేబులోంచి టేపు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

కోచ్ తోలుముక్క వెనక్కి మడిచి చూసింది. టేపు ఒకటితో మొదలవలేదు, రెండో అంగుళం గీత దగ్గర మొదలైంది. ముందరి రెండంగుళాలూ ఎప్పుడో కత్తిరించేశారు. నేను తిరిగి నా పరదాల వైపు చూశాను. దొంగముండావాడు!

"పదహారేళ్ళప్పుడు నన్ను జట్టు ముందు నిలబెట్టి కొలిచారు" అన్నాడు వెర్లిన్. "రెండంగుళాలు తక్కువని బెంచీ మీద కూర్చోబెట్టారు. అప్పట్నించీ నేను చెయ్యెత్తడమే మానేశాను. అందేది కూడా అందదనిపించేది. అందుకని బస్సెక్కిన పిల్లలందరికీ తలా రెండంగుళాలు వేసిచ్చాను. ఎవరి సొమ్మేం పోయిందండీ?"

"నా పరదాలు పోయాయి!" అన్నాను. నాకు ఒళ్ళు మండుతోంది, ఏడుపూ వస్తోంది, నవ్వూ వస్తోంది.

డార్సీ తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. "మరి మొన్న మంగళవారం ఆటలో ఆ బంతి ఎలా అందింది తాతా?"

"ఏ బంతి?" అన్నాడు.

"నాకు తెలుసు" అంది కోచ్. "నేనొచ్చింది ఆ బంతి కోసమే. మూడో క్వార్టర్లో గీత దాటి పోతున్నదాన్ని వెనక్కి లాగావు. ఐదడుగుల పదికి అందే బంతి కాదది. ఎందుకు దూకావు?"

"ఆరడుగులున్నాను కదా, అందుతుందనుకున్నానండీ."

కోచ్ కలం తీసి కాగితం మీద ఆరు కొట్టేసి, ఐదు పది అని దిద్ది, కింద సంతకం పెట్టింది. "కాగితం మీద నిజమే ఉండాలి. ఆగస్టులో వచ్చెయ్. ఇలాగే దూకుతూ ఉండు." నేను ఆవిణ్ణి కౌగిలించుకోబోయి కాఫీ మొత్తం ఒలకబోశాను.

ఆవిడ టేపు మాత్రం తిరిగివ్వలేదు. చేతిలో పట్టుకుని వెర్లిన్ ముందుకెళ్ళి నిలబడింది. లాక్కుపోతుందనుకుని ఆయన తల దించుకున్నాడు.

"ఊఁ, కొలవండి" అని రెండు చేతులూ బార్లా చాపింది.

వెర్లిన్ ముక్కు ఎగబీల్చి, తోలుకొస ఆవిడ వేలికిచ్చి, టేపు లాగాడు. "ఆరడుగుల ఒకటి, కోచ్‌గారూ!"

"నాకు ఐదడుగుల పదకొండేనని ముప్పై ఏళ్ళుగా తెలుసు" అంది మొహం ముడుచుకుని.

మా గుమ్మం పైన ఒక గంట వేలాడుతుంది. స్కూలు పిల్లలు ఎగిరెగిరి కొట్టేది, పెద్దవాళ్ళెవరూ ఆ జోలికి పోరు. కోచ్ ఇన్‌మన్ సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. ఎవరైనా చూస్తున్నారేమోనని ఇటూ అటూ చూసింది. ఉన్నపళంగా ఎగిరి ఆ గంటని ఒక్క దెబ్బ కొట్టి వెళ్ళిపోయింది.

వెర్లిన్ తన పై ముక్క ఉన్న పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. "బార అంటే అదీ ఆర్డిత్!" అన్నాడు.