చింతపండు గోదాంలో చాచా పాడిన వేలం

మా పక్కింటి చాచా పోయిన వారం కన్నుమూశారు. పొద్దున్నే నమాజు చదువుకుని, చాచీ చాయ్ తెచ్చేలోపు గోడకు ఆనుకుని కూర్చుని, అలాగే వెళ్లిపోయారు. చాచీ కేక విని నేను పరుగెత్తాను. అవును, పరుగెత్తాననే రాస్తున్నాను. నాలుగేళ్ల క్రితం ఆ కాస్త దూరం కూడా నాకు గోడ పట్టుకుని నడవాల్సిన దూరం. ఆయన గురించి రాయాలని కూర్చుంటే కళ్లు తడుస్తున్నాయి గానీ, గుర్తొచ్చే ప్రతి సంగతీ నవ్విస్తోంది. చాచాకు అదే ఇష్టం కాబట్టి నవ్వుతూనే రాస్తాను.

మేడ్చల్‌లో మా రెండిళ్లకూ మధ్య ఒకటే పిట్టగోడ. చాచా అత్వెల్లి రోడ్డు మీద ఒక కోల్డ్ స్టోరేజీలో మున్షీ. వచ్చే సరుకూ పోయే సరుకూ ఆయనే చూసేవారు. వయసులో ఉన్నప్పుడు, ఈ చుట్టుపక్కల ఇంకా ద్రాక్ష తోటలున్న రోజుల్లో, మార్కెట్లో వేలం పాడేవారట. ఆ గొంతు ఆయన్ని వదల్లేదు. గల్లీ చివర పోయే కూరగాయల బండిని మంచం మీద నుంచి లేవకుండానే ఆపేవారు.

నేను ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఉన్నట్టుండి కుడికాలు ఈడ్చుకుపోవడం, చూపు మసకబారడం మొదలైంది. స్కానింగులన్నీ అయ్యాక మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు డాక్టరు. మన ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి నరాల మీది పొరను దెబ్బతీస్తుందట. మెదడు చెప్పిన మాట కాలిదాకా సరిగా చేరదు. ఇంత పొడుగు పేరు చెప్పలేక, పిట్టగోడ దగ్గర అడిగిన చాచాతో "ఎమ్మెస్ చాచా" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఎమ్మెస్సా! మాషా అల్లా! ఏ దేశంల సీటొచ్చింది బేటీ?"

నెల రోజుల్లో నేను నవ్వడం అదే మొదటిసారి. సంగతి తెలిశాక ఆయన చెవులు పట్టుకున్నారు. ఆపైన మాత్రం నా జబ్బును "నీ పెద్ద సదువు" అనే పిలిచారు.

ఆ రోజుల్లో అందరూ నన్ను కూర్చోమనేవాళ్లే. అమ్మ నా చేతిలో గ్లాసు కూడా లాక్కునేది. బళ్లో మేడమీది పదో తరగతి వదిలేసి కింద ఆఫీసులో కూర్చోమన్నారు హెడ్‌మిస్ట్రెస్. వాళ్లది ప్రేమే, దయే. కానీ ఒకసారి అలా కూర్చుంటే మళ్లీ లేవననే భయం నాకు లోపల పట్టుకుంది.

కొంపల్లిలో నాకు కసరత్తులు చెప్పే ఫిజియోథెరపిస్టు వేరే దారి చెప్పింది. కదలని సైకిలెక్కి కాసేపు ఉన్న బలమంతా పెట్టి తొక్కాలి, కాసేపు ఆగి ఊపిరి తీసుకోవాలి, మళ్లీ గట్టిగా. ఏకధాటిగా చేయలేనివాళ్లు కూడా ఇలా ముక్కలు ముక్కలుగా చేయగలరంది. డాక్టరు గుండె పరీక్ష చేయించి, సరే అన్నారు. అమ్మ మాత్రం ససేమిరా అంది.

"నడవనీకే శాతనైతలేదు పిల్లకు. గిదేం తొక్కుడు?"

గోడ అవతల నుంచి చాచా అందుకున్నారు. "మా హమాలీలు జేసేది గదే గదమ్మా. బస్తా ఎత్తుతరు, దించుతరు, కూసుంటరు, మళ్ల ఎత్తుతరు. దినమంత నెత్తిమీద పెట్టుకొనే ఉంటరా?"

అమ్మ మెత్తబడింది. మర్నాడే అలాంటి పాత సైకిలొకటి ఇంటికి తెచ్చుకున్నాం.

అయితే అప్పటికే ఎండలు ముదిరాయి. ఈ జబ్బుకు వేడి పడదు. ఒళ్లు వేడెక్కితే చాలు, చూపు మసకబారి కాళ్లు చచ్చుబడతాయి. మా ఇంట్లో ఏసీ లేదు, పైన స్లాబు నిప్పులా కాలేది. ఒక మధ్యాహ్నం సైకిలు దిగి నేల మీద కూలబడ్డాను. చాలాసేపటిదాకా లేవలేకపోయాను. అమ్మ ఏడుపు విని చాచా వచ్చారు. నన్ను చూశారు, సైకిల్ని చూశారు, పైన స్లాబును చూశారు.

"మా గోదాం మస్తు సల్లగుంటది. గాడ పెడదాం" అన్నారు.

సైకిలు ట్రాలీ ఆటో ఎక్కింది. లోపలి గదులు మరీ చలి. సరుకును లోపలికి పంపేదాకా దించి ఉంచే బయటి గదిలో మాత్రం కార్తీక మాసపు పొద్దులా హాయిగా ఉంటుంది. అక్కడే పెట్టించారు. ఇంతలో గోదాం యజమాని సేఠ్ కారు దిగాడు.

"ఏంది మున్షీ, ఇది గోదామా, జిమ్మా?"

"సేఠ్, మీ చింతపండు ఏడాదంత కూసుంటది. ఈ బిడ్డ గంట గూడ ఉండది."

సేఠ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. అదే ఆయన అనుమతి.

మొదటి రోజు సైకిలు మిర్చి బస్తాల పక్కన పెట్టారు. నేను గట్టిగా ఊపిరి పీల్చానో లేదో, తుమ్ములు. చాచా తుమ్మారు, హమాలీలు తుమ్మారు, కాపలా కుక్క కూడా తుమ్మింది. అందరం కళ్లు తుడుచుకుంటూ సైకిల్ని చింతపండు వైపుకు జరిపాం. అక్కడ ఇంకో తంటా. రొప్పుతూ నోరు తెరిస్తే చాలు, నోరంతా నీళ్లు.

గడియారం నేను చూసుకుంటానన్నా చాచా ఒప్పుకోలేదు. నేను గట్టిగా తొక్కడం మొదలుపెట్టగానే కుర్చీలోంచి లేచి, పాత మార్కెట్ గొంతుతో వేలం ఎత్తుకునేవారు. "ఒకటోసారీ!" అంటే సగం అయినట్టు. "రెండోసారీ!" అంటే చివరికి వచ్చినట్టు. మూడోసారి అంటే ఆపొచ్చు. కానీ ఆ మూడోసారి మాత్రం అంత తొందరగా వచ్చేది కాదు. మీసం సవరించుకునేవారు, కొనేవాడెవరైనా ఉన్నాడా అన్నట్టు హమాలీల వైపు చూసేవారు.

"అను చాచా! జల్దీ అను!"

"ఇంక జర రేటు పెరుగుతదేమోనని సూస్తున్న బేటీ."

హమాలీలు బస్తాలు దించి చప్పట్లు కొట్టేవాళ్లు. అయితే విరామం వచ్చిందంటే చాచా మారిపోయేవారు. నా మెడ మీద తడి తువ్వాలు వేసి, ఎదురుగా ఉన్న బస్తా మీద ఏం రాసుందో చదవమనేవారు. నా చూపు చెదరలేదని తేలాకే రెండో విడత. నేను విరామంలో కాళ్లు ఊపుతూ కూర్చుంటే కోప్పడేవారు. "కూసునుడు గూడ పనే బేటీ. మంచిగ కూసో." ఆ మాట ఇప్పటికీ బళ్లో నా పిల్లలకు పరీక్షల ముందు చెబుతుంటాను.

మధ్యలో జ్వరమొచ్చి చాలా రోజులు మంచం పట్టాను. తిరిగి వెళ్లిన రోజు కాలు పెడల్ మీద నిలవలేదు. కూడగట్టుకున్నదంతా పోయిందనిపించింది. బస్తా మీద కూర్చుని ఏడ్చాను.

"సైకిల్ ఇంటికి పంపియ్ చాచా. ఇగ నాతోని కాదు."

ఆయన లుంగీ పైకి కట్టి, టోపీ సరిచేసుకుని, తానే సైకిలెక్కారు. హమాలీలు పని ఆపి చుట్టూ చేరారు. చాచా పళ్లు బిగించి తొక్కుతుంటే వాళ్లే వేలం మొదలుపెట్టారు. ఒకటోసారి అన్నారు, రెండోసారి అన్నారు, అక్కడితో ఆగిపోయారు. చాచా మొహం ఎర్రబడింది.

"అరె బద్మాష్‌గాళ్లారా, అనుండ్రి! పాణం పోతాంది!"

ఏడుస్తున్న నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆయన దిగి, నా పక్కన బస్తా మీద కూలబడి, ఊపిరి అందాక మెల్లగా అన్నారు.

"గిది నువ్వు ఇన్ని దినాలు జేసినవా బేటీ? నేను ఒడ్డున నిలవడి ఒర్లుతున్న గంతే. మాఫ్ జెయ్."

ఆ రోజు నేను మెల్లగా, మరీ మెల్లగా తొక్కాను. వేలం లేదు. చాచా పక్కన నిలబడి హ్యాండిల్ పట్టుకున్నారు. తర్వాత వారం మళ్లీ "ఒకటోసారీ" వినిపించింది.

బళ్లు తెరిచాక నేను మేడమీది పదో తరగతికే వెళ్లాను. మధ్య మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుని, మిగతావి ఎక్కాను. జబ్బు పోయిందని చెప్పను, అది పోయేది కాదు. మందులు వాడుతున్నాను, ఎండ రోజుల్లో చేతికర్ర పట్టుకుంటాను. కానీ ఆ వేసవిలో నా కాళ్లు నాకు తిరిగి దగ్గరయ్యాయి.

ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం ఆ ఏడాది వానల తర్వాత ఒక సాయంత్రం. చాచీనీ నన్నూ చాచా ఆటోలో శామీర్‌పేట చెరువుకు తీసుకెళ్లారు. చాచీ ఆటోలోనే కూర్చుంది. నేనూ చాచా కట్ట ఎక్కడం మొదలుపెట్టాం. సగం ఎక్కేసరికి ఆయన మోకాళ్లు పట్టుకుని ఒక రాయి మీద కూర్చున్నారు.

"నువ్వు పో. నేను జర గాలి తింట."

నేను ఒక్కదాన్నే పైకి వెళ్లాను. చెరువు నిండుగా ఉంది. గాలికి చీర కొంగు నిలవడం లేదు. వెనక్కి తిరిగి చూస్తే, చాచా అప్పటికే కిందికి దిగి, కట్ట కింద మక్కకంకులు కాల్చే ఆమె దగ్గర నిలబడి ఉన్నారు. ఆ గొంతు నాదాకా వచ్చింది. "ఓ అక్కా, గటు సూడు! పైన సూడు! మా బేటీ!" ఆమె ఎవరో, నేనెవరో. అయినా ఆమె చేతిలోని విసనకర్ర పైకెత్తి నాకేసి ఊపింది. బొగ్గుల్లోంచి లేచిన నిప్పురవ్వలు చాచా చుట్టూ ఎగురుతున్నాయి. ఆయన రెండు చేతులూ ఎత్తి నా వైపు చూపిస్తూనే ఉన్నారు.