ఫొటోలోని రాజు పేరు

ఒక పేరు ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలని ఇది రాస్తున్నాను. ఆటా పాటా కలిసిన చిందు యక్షగానం గురించి గ్రంథాలయాల్లో సొంతంగా చదువుకుని, ఆ గర్వంతోనే పార్వతీపురం నుంచి తెలంగాణలోని ఇబ్రహీంపట్నం వెళ్లాను. అక్కడి గ్రంథాలయంలో పాత ఫైల్లో ఒక ఫొటో కనిపించింది. బుర్రమీసాలు, చెక్క కిరీటం, చేతిలో కత్తి. కింద 'రాజు వేషధారి, పేరు తెలియదు' అని ఉంది.

"ఎంత మగసిరి!" అన్నాను గ్రంథపాలకుడు శ్రీశైలంతో.

గది ఊడుస్తున్న ముసలామె తొంగిచూసి నవ్వింది. "ఏం మగసిరి బిడ్డా? గా ఫొటోల ఉన్నది నేనే."

నేను నమ్మలేదు. నేను చదివినవాటిలో ఆడవేషం కట్టే మగవాళ్లే ఉన్నారు.

"మా చిందోళ్లల్ల ఆడోళ్లు గూడ రాజులైతరు. ఏషం గట్టినంక నా పెనిమిటి గూడ నాకు దండం పెట్టాలె. ఇంటికొచ్చినంక మల్ల బువ్వెయ్యమని నా మీదనే ఒర్రుతుండె!"

చీపురు గోడకు ఆనించి, చెప్పులు విడిచి, నేలకు మొక్కి ఒక్క అడుగు వేసింది. బీరువాల అద్దాలు అదిరాయి. పేపరు చదివేవాళ్లు లేచి నిలబడ్డారు. నాకు తెలియకుండానే నేనూ దండం పెట్టాను.

శ్రీశైలం 'పేరు తెలియదు' అన్నది కొట్టేసి పెన్ను ఆమెకు ఇచ్చాడు.

"నాకు రాత రాదు సారూ. మీసం జూసి మోసపోయిన ఈ బిడ్డనే రాయనియ్యి."

రాశాను.

ఫైలు తీసి ఇచ్చిన శ్రీశైలం గారికి, నాకు చదువు రుచి చూపిన మా ఊరి గ్రంథపాలకురాలు సరోజిని గారికి, రాజు వేషధారి నర్సమ్మ గారికి నా దండాలు.