సుభాని చప్పట

ఉదయగిరిలో మైకుసెట్టు సుభాని ఏ హాల్లోకి అడుగుపెట్టినా, పెట్టెలు దించకముందే నడిమధ్య నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టేవాడు. కళ్లు మూసుకుని, తల కాస్త వాల్చి, ఆ చప్పుడు ఏ మూల నుంచి ఎలా తిరిగొస్తుందో వినేవాడు. ఆ తర్వాతే ఏ మైకు తీయాలో, ఎక్కడ నిలపాలో తేల్చుకునేవాడు. మోత మరీ ఎక్కువైతే వెనక గోడకు జంపఖానా కట్టించి, ఇంకో చప్పట కొట్టి చూసుకునేవాడు. ఆత్మకూరు చర్చిలో సంఘపెద్ద వెంగయ్య ఒకసారి అడిగాడు: "ఎవురికి సాయిబూ ఆ చప్పట?"

"గోడలకే, పెద్దాయనా. ఖాళీగా ఉంటే తిరిగి పలకతాయి. మనుషులూ గుడ్డలూ నిండితే ఊరకుంటాయి."

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో అతని భార్య మస్తాన్బీ పోయింది. ఫాతెహా ప్రార్థనలు ముగిశాక కూతురు జీనత్ తల్లి చీరలూ పరుపులూ బీదలకు పంచిపెట్టింది. ఒక్క బొంత మాత్రం తనకని ఉంచుకుంది. ఆ సాయంత్రం సుభాని ఖాళీ అయిన గదిలోకి వెళ్లి, అలవాటు కొద్దీ చప్పట కొట్టాడు. కాపురం పెట్టిన నాటి నుంచీ మూగగా ఉన్న ఆ గది నాలుగు వైపుల నుంచీ పలికింది. చప్పుడు విని జీనత్ గడపలోకి వచ్చింది.

"ఏంది అబ్బాజాన్?"

"మీ అమ్మ బొంత ఉండాదే, అది ఇటియ్యమ్మా."

స్టూలెక్కి దాన్ని వెనక గోడకు కట్టాడు. కిందికి దిగి గది మధ్యలో నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు గానీ, ఇంకో చప్పట కొట్టి చూడలేదు.