తప్పు ఎవరిదని అడగని వకీలమ్మ

మావాడు పెట్టుడు కాలు మీద మొదటిసారి వాకిలి దాటి రోడ్డు దాకా నడిచిన రోజునే, మా వకీలమ్మ ఇక లేదని తెలిసింది. నడిచినంక ఫోన్ చెయ్యమని చెప్పి ఉంది కదా, సంబరం పట్టలేక చేశాను. ఎత్తింది ఎవరో కూడా చూసుకోకుండా "నడిచిండమ్మా, మావాడు నడిచిండు" అని మొదలుపెట్టాను. అవతల ఉన్నది ఆమె తమ్ముడు. నన్ను ఆపకుండా అంతా విని, చివరికి "అక్క తెల్లారగట్ల పోయింది పెద్దాయనా" అన్నాడు.

అయ్యా, అమ్మా, నేను ఏడో తరగతి దాటనివాణ్ని. దమ్మపేట దగ్గర రెండెకరాల రైతును. రాయడం రాదు. కానీ నా కొడుకు నిలబడ్డాడన్న సంతోషం ఇంత, నిలబెట్టిన తల్లి పోయిందన్న దుఃఖం అంత. రెండూ ఒకే గుండెలో పట్టడం లేదు.

మావాడు లారీ డ్రైవరు. చర్ల నుంచి జామాయిల్ కర్ర వేసుకుని వస్తూ, మిట్టమధ్యాహ్నం, ఎదురుగా ఒక్క బండి కూడా లేని రోడ్డు మీద కన్ను మూతపడి చెట్టుకు కొట్టాడు. అప్పటికి రెండు రోజులుగా నిద్ర లేదు. వెనకనున్న కర్రలు క్యాబిన్‌లోకి దూసుకొచ్చాయి. కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. బండిలో ఇంకెవరూ లేరు, అదొక్కటే దేవుడి దయ.

మా వైపు బండి బోల్తా పడితే పెద్దమనుషులు కూర్చుని ముందు ఒక కథ కడతారు. ఎద్దు అడ్డమొచ్చిందంటారు. కాదంటే బ్రేకు పడలేదంటారు. అట్లా మావాడికీ ఒక ఎద్దు పుట్టింది. దానితోపాటు ఓనరు ఒక కాగితం తెచ్చాడు. ఆ రోజు మావాడు తనకు చెప్పకుండా సొంత కిరాయికి లారీ తీసుకుపోయాడని అందులో ఉంది. సంతకం పెడితే దవాఖానా ఖర్చు చూసుకుంటానన్నాడు. తప్పు చేసినోడికి ఏ కోర్టులోనూ ఏమీ రాదు, ఇదన్నా దక్కించుకో అని పెద్దమనుషులు కూడా చెప్పారు. నా కొడుకు కాలు కోస్తున్న గది బయట నిలబడి ఉన్నాను. పెట్టేశాను. నెల తిరగకముందే ఓనరు ఫోన్ ఎత్తడం మానేశాడు.

వార్డులో ఒకాయన చెబితే ఖమ్మంలో వకీలమ్మ దగ్గరికి పోయాం. కింద తమ్ముడి కుట్టుమిషన్ల దుకాణం, పైన ఆమె గది. మావాడు మెట్లెక్కలేడని ఆమే కిందికి దిగి వచ్చి, బట్టల తానుల మధ్య స్టూలు వేసుకుని కూర్చుంది. మా కథ మొత్తం వింది. కళ్లజోడు తీసి నన్ను అడిగింది.

"ఎద్దు ఏ రంగుది పెద్దాయనా?"

ఎర్రదన్నాను. అదే క్షణంలో మావాడు తెల్లదన్నాడు.

"ముందు తండ్రీకొడుకులు పోయి ఒక్క ఎద్దును ఖాయం చేసుకొని రాండ్రి."

మావాడు తల దించుకుని, నిద్రపోయానని ఒప్పుకున్నాడు. ఇక ఏమీ రాదని నేను లేవబోయాను. ఆమె కూర్చోమంది.

"ఆక్సిడెంటు కోర్టుల అయితే తప్పెవరిదని అడుగుతరు, అక్కడ నీ కొడుకుకు తొవ్వ లేదు. లేబర్ ఆఫీసుల గట్ల అడగరు. ఎవరి పని మీద పోయి దెబ్బ తగిలించుకున్నడు, గదే అడుగుతరు. తాగి నడిపినోడైతే మాట వేరే."

తాగలేదని దవాఖానా కాగితాల్లోనే ఉంది. ఆమె వాటిని చూసి పక్కన పెట్టి, నా సంతకం ఉన్న కాగితాన్ని వేలితో తట్టింది.

"కానీ ఇది చూడు. ఈ సంతకంతోని నువ్వే వాణ్ని డ్యూటీలకెల్లి కిందికి దించినవ్."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ రోజు లోడు ఓనరుదేనని చూపించాలి. లోడు తూచిన కాంటా చీటీ బండితో పాటే పోయింది. ఆ లోడు దాటివచ్చిన చర్ల దారి చెక్‌పోస్టులో రిజిస్టరు నకలు కోసం ఆమె రెండుసార్లు దరఖాస్తు పెట్టినా జవాబు రాలేదు. చివరికి నన్ను వెంటబెట్టుకుని ఆమే బయలుదేరింది. భద్రాచలం దాకా బస్సు, అక్కడి నుంచి చర్ల వైపు ఆటో. దారంతా కడుపు మీద చెయ్యి పెట్టుకునే ఉంది. గుంతల రోడ్డు కుదుపులకేమో అనుకున్నాను, ఎంత గుడ్డివాణ్ని. తిండి ఏదీ ముట్టలేదు, కాసిన్ని సోంపు గింజలు నములుతూ కూర్చుంది. అంత బాధలోనూ ఆటో అతన్ని వదల్లేదు. బండి సొంతమా కిరాయా అని అడిగింది. సొంతమే, బీమా కూడా ఉందని అతను గర్వంగా చెప్పాడు.

"అది నువ్వు గుద్దినోనికి. నువ్వే పడితే నీకేది? ఓనరే డ్రైవరైతే వేరే బీమా ఉంటది. కట్టినవా లేదా కాగితం తీసి చూస్కో."

చెక్‌పోస్టు రిజిస్టర్లో లారీ నంబరు, లోడు పక్కన మా ఓనరు పేరు, కింద మావాడి వంకర సంతకం ఉన్నాయి. రెండు కాళ్లున్నప్పుడు పెట్టిన ఆఖరి సంతకం. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. నేను చూడలేకపోయాను.

లేబర్ ఆఫీసులో విచారణ రోజున అవతలి వకీలు నా కాగితం పైకెత్తి చూపించాడు. అబద్ధానికి సంతకం పెట్టానంటే నన్ను జైల్లో వేస్తారా అని అడిగాను. వకీలమ్మ భయం లేదని చెప్పలేదు. "నీ మీదికి వచ్చేది నువ్వు మొయ్యి పెద్దాయనా, వాని మీద వెయ్యకు" అంది, అంతే. ఆఫీసరు ముందుకు పోయి చదివే పెట్టిన సార్, కొడుకు కోసం పెట్టి కొడుకుకే గండి కొట్టిన అని చెప్పాను. మావాడు ఎద్దు లేదు, నిద్రపోయానన్నాడు. ఆ మాట ఒప్పుకున్నందుకు పోలీసు కేసులో వాడికి జుర్మానా పడింది. అట్లా పడొచ్చని ఆమె ముందే చెప్పింది, తెలిసే ఒప్పుకున్నాడు.

నా కొడుకు ఓనరు పని మీదే ఉన్నాడని, లారీ బీమా వాళ్లు నష్టపరిహారం ఇవ్వాలని ఆర్డరు వచ్చింది. స్వీట్లు పట్టుకుని పరుగెత్తాను. అప్పటికి ఆమె సగమైపోయి ఉంది. డబ్బా తెరిచి చూసి, డాక్టరు వద్దన్నాడని మూత పెట్టేసింది. మావాడు నడిచినంక ఫోన్ చెయ్యమంది అప్పుడే.

ఫోన్ పెట్టేసి వెంటనే బస్సెక్కాం. ఇంట్లో ఉండమంటే మావాడు వినలేదు. ఖబరస్తాన్లో అందరూ వంగి తలా మూడు పిడికిళ్ల మట్టి వేస్తున్నారు. మావాడి వంతు వచ్చింది. కొత్త కాలు, వంగితే పడిపోతాడు. అట్లాగే నిలబడిపోయాడు. నేను ముందుకు పోయేలోపే ఆమె తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని, దోసిట్లోకి మట్టి తీసి, పైకెత్తి వాడి చేతిలో పోశాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి పోసిన మట్టిని పిడికిట్లో పట్టుకుని, మావాడు చాలాసేపు వేళ్లు విప్పలేదు.