ఆ సీసాలో బుడగలు

నాకు భయం ఎక్కువ. ఛాతీ తెరిచి ఊపిరితిత్తులకు ఆపరేషన్లు చేసే మనిషి ఈ మాట అంటే ఎవరూ నమ్మరు. నమ్మితే దగ్గరికి రారు. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా, ఆపరేషన్ ఉన్న రోజు పొద్దున ఢిల్లీ పక్కన వైశాలిలో మెట్రో ఎక్కేసరికి ఇప్పటికీ నోరు పిడచకట్టుకుపోతుంది.

నాన్న ఫౌజీ. సిక్కోలు నుంచి వచ్చి ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్సులో మమ్మల్ని పెంచాడు. చీకటికి ఏడ్చినా, సూదికి ఏడ్చినా ఒకటే మాట. "సిపాయి కూతురివి, నీకు భయమేటే?" భయపడటం మానడం నా వల్ల కాలేదు కానీ, చూపించడం మానేశాను. గబగబా, కాస్త కసురుతూ మాట్లాడటం అలా అలవాటైంది. జూనియర్లు నన్ను కోపిష్టిదాన్ని అనుకుంటారు, అనుకోనీ. ఆసుపత్రిలో నా నోట వచ్చేది హిందీ, ఇంగ్లీషు. తెలుగు రోగి వస్తే మాత్రం ప్రాణం లేచొచ్చి, రెండు ముక్కలు తెలుగులో మాట్లాడి తెగ మురిసిపోయేదాన్ని. ఆ మురిపెం ఒకసారి ఒక ప్రాణం మీదికి తెచ్చింది.

రెండేళ్ల కిందటి చలికాలం. నల్గొండ వైపు నుంచి వచ్చి సివిల్స్‌కు చదువుతున్న అబ్బాయి. కిటికీ లేని అద్దె గదిలో మూడేళ్లున్నాడు. దగ్గు మొదలైతే ఇక్కడి పొగ వల్ల అనుకున్నాడు. నవంబరులో ఢిల్లీలో దగ్గనిదెవరు? టీబీ అని తేలేసరికి కుడి ఊపిరితిత్తి చుట్టూ చీము చేరి, అదంతా తోలులా గట్టిపడి, ఊపిరితిత్తిని విప్పారకుండా బిగించేసింది.

మా పనిలో తరచూ చేసేవి కొన్నే. గాలో నీరో చేరితే పక్కటెముకల మధ్య గొట్టం వేస్తాం. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి ముక్క తీసి పరీక్షకు పంపుతాం. గడ్డ ఉంటే ఊపిరితిత్తిలో ఆ భాగం తీసేస్తాం. వీటన్నిటికన్నా నాకు చచ్చేంత భయం ఈ తొక్క ఒలిచే పని. ఎంత నెమ్మదిగా ఒలిచినా లోపలి ఊపిరితిత్తికి అక్కడక్కడ చిన్న చిల్లులు పడతాయి. అవి మానేదాకా గాలి కారుతుంది. ఆ గాలి ఛాతీలో ఇరుక్కోకుండా ఒక గొట్టం పెట్టి, దాని రెండో కొసను నీళ్ల సీసాలో ముంచి, సీసాను మంచం కింద ఉంచుతాం. గాలి బుడగలుగా బయటికి వస్తుంది, మళ్లీ లోపలికి పోదు. ఆ గొట్టం మూసుకుపోయిందంటే గాలి లోపలే పేరుకుని గుండెను కూడా నొక్కేస్తుంది. ప్రాణం పోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అబ్బాయి దగ్గర వాళ్లమ్మ ఒక్కతే ఉంది. హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. రెండో రోజు సీసా ముట్టుకుందని సిస్టర్ హిందీలో కేకలేసిందట. మూడో రోజు రౌండ్లకు వెళ్తే నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, గా సీసల బుడగలేంది? పొద్దటి సంది వస్తనే ఉన్నయ్. దగ్గితే ఇంకా ఎక్కువొస్తున్నయ్."

అవతల ఇంకో ఆపరేషన్‌కు టైమవుతోంది. "అది మీవాడి ఊపిరేనమ్మా, భయపడకండి" అని భుజం తట్టి వచ్చేశాను. ఒక్క ముక్కలో తెలుగులో ఎంత బాగా చెప్పానో అనుకుంటూ మెట్లు దిగాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఓపీలో ఉండగా వార్డు నుంచి ఫోన్. "మేడమ్, జల్దీ ఆయియే." వెంటనే రమ్మని సిస్టర్. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాను. అబ్బాయి మంచం మీద కూర్చుని గాలి కోసం కొట్టుకుంటున్నాడు. పెదాలు నల్లబడ్డాయి, మెడ నరాలు ఉబ్బాయి. కుడివైపు స్టెతస్కోపు పెడితే ఏ చప్పుడూ లేదు. పక్కనే వాళ్లమ్మ అతని వీపు నిమురుతూ "దగ్గకు బిడ్డా, దగ్గకు, ఉన్నది గూడ పోతది" అంటోంది.

సీసా వైపు చూశాను. ఒక్క బుడగ లేదు.

సీసా దగ్గర మొదలుపెట్టి గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ పైకి వెళ్లాను. దుప్పటి కింద వేళ్లకు తగిలింది. నీళ్ల పైపు మడిచినట్టు గొట్టాన్ని మడిచి, జడకు పెట్టుకునే నల్ల రబ్బరు బ్యాండుతో గట్టిగా చుట్టి ఉంది. లాగితే రాలేదు. కత్తెర అని అరిచాను. బ్యాండు కోయగానే సీసాలో నీళ్లు బుసబుసమని పొంగాయి. అబ్బాయి దగ్గాడు, మళ్లీ దగ్గాడు. పెదాలకు రంగు వచ్చేదాకా నేను నిలబడ్డ చోటు నుంచి కదల్లేకపోయాను.

తర్వాత వరండాలో ఆవిడ నా ఎదుట నిలబడింది. జుట్టు విరబోసుకునే ఉంది.

"తప్పయింది బిడ్డా. ఆలస్యం చేసిన. నిన్ననే కట్టుంటే గంత ఊపిరి పోకపోవు."

అప్పుడే చెప్పాల్సింది. ఊపిరి పోయి కాదమ్మా, పోనీయకపోవడం వల్లే ఇలా అయిందని. చెబితే, కన్నకొడుకు గొంతు తానే నొక్కినంత పని చేశానని ఆవిడకు తెలుస్తుంది. కట్టమన్నంత పని చేసింది నేనేనని కూడా బయటపడుతుంది. ఈ రెండింట్లో దేనికి ఎక్కువ భయపడ్డానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "ఇంక ఆ గొట్టం ముట్టుకోకండి" అని మాత్రం అన్నాను. గంటగంటకూ గొట్టం చూడమని సిస్టర్‌కు చెప్పాను. తెగిన రబ్బరు బ్యాండు నా కోటు జేబులోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఫోన్ మోగితే చాలు, వార్డు నుంచేననుకునేదాన్ని. అన్నం తింటూ, మెట్రోలో నిలబడీ వార్డుకు ఫోన్ చేసేదాన్ని. "బుడగలు వస్తున్నాయా?" సిస్టర్లు నవ్వుకునేవాళ్లు.

ఎనిమిదో రోజు పొద్దున వార్డు గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, ఆవిడ కేక. "బుడగలు ఆగినయ్! ఓ బిడ్డా, నా కొడుకు ఊపిరి ఆగింది!"

పరుగున వెళ్లి గొట్టమంతా తడిమాను. ఎక్కడా మడత లేదు. అబ్బాయి ఒళ్లో పుస్తకం పెట్టుకుని వాళ్లమ్మను చూసి బిత్తరపోయాడు. దగ్గమన్నాను. నీళ్లు పైకీ కిందికీ ఊగాయి కానీ బుడగ లేదు. చెవిపెట్టి విన్నాను. రెండు పక్కలా గాలి ఆడుతోంది. ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తి నిండుగా విప్పారి ఉంది. చిల్లులు మానిపోయాయి.

ఆవిడ నమ్మలేదు. సీసా పక్కన నేల మీద కూర్చుని ఇంకా ఏడుస్తోంది. నేనూ కూర్చున్నాను. ఈసారి తొందరపడలేదు.

"సైకిల్ పంచరైతే ట్యూబు నీళ్లలో ముంచుతారు కదమ్మా, ఎందుకు?"

"బుడగలొస్తే ఆడ బొక్క ఉన్నట్టు."

"మీవాడి ఊపిరితిత్తికీ అలాగే చిల్లులున్నాయి. కారిన గాలి లోపల ఇరుక్కుంటే ప్రమాదం. అందుకే ఈ గొట్టంలోంచి బయటికి పంపించాం. ఇప్పుడు చిల్లులు మూసుకున్నాయి. బుడగలు ఆగడం మంచిదే."

"అచ్ఛా!" అంది. వార్డులో ఆవిడకు అబ్బిన ఒకే ఒక్క హిందీ మాట అది. ముఖం విప్పారింది. కొడుకు వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"మరి ఆనాడు నేను గట్టిగ కట్టిన గద బిడ్డా. గాలి ఏడికి పోయింది?"

ఏ ఆపరేషన్ బల్ల దగ్గరా నాకంత భయం వేయలేదు.

"లోపలే ఉండిపోయిందమ్మా" అన్నాను. "తప్పు మీది కాదు. ఊపిరి అని చెప్పింది నేను. సగం చెప్పి వెళ్లిపోయింది నేను."

ఆవిడ తన చేతులు తిప్పి చూసుకుని, లేచి, మంచానికి ఆ చివర గోడ వారగా నిలబడి, చేతులు కొంగులో చుట్టేసుకుంది.

కాసేపటికి అబ్బాయి "అమ్మా, నీళ్లు" అన్నాడు.

ఆవిడ కదల్లేదు. "నా చేతులతోని వద్దు. నువ్వే తాపు బిడ్డా" అంది నాతో.

గ్లాసు అందుకున్నాను. సగం నీళ్లు అతని చొక్కా మీద పోశాను.