పరదేశి మామ కుశల ప్రశ్న

మనిషికి మనిషి ఎదురుపడితే ఎవరైనా "బాగున్నావా?" అని అడుగుతారు. మా పరదేశి మామ మాత్రం "మాంసం తిని ఎన్నాళ్ళయింది?" అని అడుగుతాడు. పెళ్ళికి వెళ్ళినా అదే ప్రశ్న, పరామర్శకి వెళ్ళినా అదే ప్రశ్న. మా ఊరి నుంచి అనకాపల్లికి ఆటోలో అరగంట. ఆ అరగంటలో ఆటోలో ఉన్న వాళ్ళందరి వంటిళ్ళ గుట్టూ రాబట్టేసేవాడు. బస్టాండు పక్కన నాకో సెల్ రీచార్జి కొట్టు ఉండేది. మామ వచ్చి బల్ల మీద కూర్చున్నాడంటే ఇక ఆ పూటకి బేరాలు లేనట్టే. ఇలాంటి మనిషికి వరసకి అల్లుణ్ణయినందుకు నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు.

ఒకసారి ఆయనకి జ్వరం వస్తే నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు గారు నాడి పట్టుకుని, "ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు.

"అది నేనడగాల బాబూ. తమరు మేక తిని ఎన్నాళ్ళయింది?"

"మేం తినమండీ."

"కోడి?"

"అదీ తినం."

"పోనీ, సేప?"

"గుడ్డు కూడా ముట్టమండీ," అన్నారాయన ఓపిగ్గా.

మామ నా వైపు జాలిగా తిరిగాడు. "అయిపోయేంరా బాబ్జీ. గుడ్డు కూడా కొనుక్కోనేని డాక్టరు మనకేటి వైద్యం సేత్తాడు?"

"అయిపోయేం" అన్నది ఆయన ఊతపదం. ఆయన లెక్కలో ఇల్లు బాగుందంటే ఆదివారం కోడి, నెలకోసారి మేక మాంసం, మధ్యలో పూడిమడక నుంచి చేపలొచ్చిన రోజున చేపలు. ఇవేవీ లేని రోజున ఉల్లిపాయ వేసి ఎండు చేప. మేక మానేసి కోడితో సరిపెడితే ఆ ఇంటికి నలత. కోడి మానేసి ఎండు చేపకి దిగితే జ్వరం. ఎండు చేప కూడా లేదంటే, "అయిపోయేరు!"

ఆయనతో అబద్ధమాడదామన్నా కుదరదు. ఒకసారి విసిగిపోయి, "నిన్ననే చేపల పులుసు తిన్నాం మామా," అన్నాను.

"అబద్దం! మీ నల్లకుక్క నిన్నంతా మా గుమ్మం కాడే పడుంది. ఇంట్లో ముల్లు దొరికితే కుక్క పక్కింటికెందుకెల్తాదిరా?"

ఆ రోజు నుంచి మా కుక్కని కట్టేసి ఉంచమని అమ్మకి చెప్పాను.

రెండువేల ఆరో సంవత్సరంలో మా చెరుకుకి ఎర్రకుళ్ళు తెగులు పట్టింది. ఉన్న చెరుకు గానుగాడి వండితే బెల్లం నల్లగా దిగింది. ఆ బెల్లాన్ని బజారులో వేలితో గీరి చూసి పక్కకి పొమ్మన్నారు. అదే అదనుగా బర్డ్ ఫ్లూ భయం ఒకటి. కోడి చవకయింది కానీ తినడానికి భయం. మేక ప్రియమయింది, కొనడానికి భయం. ఊళ్ళో ఎవరి మొహంలోనూ కళ లేదు. మామ అయిపోయేం అంటుంటే, ఈసారి నిజంగానే అయిపోయామేమో అని నాకూ దిగులు పట్టుకుంది.

విచిత్రం ఏమిటంటే, ఆ ఏడే మా ఊళ్ళో భక్తి పెరిగింది. ఎవరిని అడిగినా ఏదో ఒక వారం మాంసం వదిలేశామనేవారు. ఊరంతా దేవుడి దారిలో పడిందని పూజారి సంతోషించాడు. మామ తల పట్టుకున్నాడు. "బక్తి పెరిగిపోతందిరా బాబ్జీ. ఊరు నాశనమైపోతంది!"

అందరిలోకి పరమ భక్తుడు మా వీధి సూర్యనారాయణ. మాట పడని మనిషి. ఉపమాక వెంకన్నకని ముందు శనివారం వదిలేశాడు. తర్వాత శివుడికి సోమవారం, ఆంజనేయుడికి మంగళవారం, సాయిబాబాకి గురువారం, లక్ష్మీదేవికి శుక్రవారం వదిలేశాడు. సూర్యుడి పేరు పెట్టుకుని ఆదివారం తింటే ఏం బాగుంటుందని అదీ వదిలేశాడు. బుధవారం ఒక్కటే మిగిలింది, దానికి దేవుడెవరా అని వెతుకుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన కూతురు లావణ్య పురిటికి పుట్టింటికొచ్చి మగపిల్లాణ్ణి కంది. బాలింతకి మా వైపు సొరచేపతో చేసే సొరపిట్టు పెట్టాలి, మేక కాళ్ళ చారు పెట్టాలి. పాలు పడకపోతే పసివాడి గతేమిటి?

పిల్లాణ్ణి చూడ్డానికి నేనూ మామా కలిసి వెళ్ళాం. అరుగు మీద లావణ్య అత్తవారి వైపు చుట్టాలు కూర్చుని ఉన్నారు. మామ పిల్లాడి వైపైనా చూడలేదు.

"బావా, బాలింతకి సొరపిట్టెట్టేరా?"

"ఇంటిల్లిపాదీ నేమంలో ఉన్నాం బావా," అన్నాడు సూర్యనారాయణ, చుట్టాల వైపు చూస్తూ.

"బాలింతక్కూడా నేమవేటి? మేకకాలైనా తెచ్చేవా నేదా? ఎన్నాళ్ళయింది?"

లోపల గదిలోంచి పసివాడి ఏడుపు ఆగకుండా వినిపిస్తోంది. సూర్యనారాయణ మొహం జేవురించింది. "నా ఇంటి పొయ్యి మీద ఏటుందో అడగడానికి నువ్వెవుడివి? ఇంకోపాలి నా గుమ్మం తొక్కేవంటే బాగుండదు!"

నేను మామ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. సిగ్గుతో నా ప్రాణం చచ్చిపోయింది. "బుద్ధుందా మామా? చుట్టాల ముందు అడిగే మాటేనా అది?" అన్నాను.

ఆయన నా మాట వినిపించుకోలేదు. "అమ్మోరికి మొక్కు తీర్సాల," అన్నాడు.

"ఏం మొక్కు?"

"మా గేదికి దగ్గు తగ్గింది."

ఆ ఆదివారం మరిడమ్మ గుడి ముందు మామ తన మందలోంచి ఒక మేకపోతుని కోశాడు. మాంసం పోగులు పెట్టి, టేకాకుల్లో కట్టి, ఇంటింటికీ తనే తిరిగి పంచాడు. అమ్మోరి పోగు కాదనడానికి మా ఊళ్ళో ఎవరికీ గుండె లేదు. ఎంతటి నియమమైనా దాని ముందు బలాదూరే. సూర్యనారాయణ గుమ్మం తొక్కకూడదు కాబట్టి మామ వీధిలోనే నిలబడి కేకేశాడు.

"బావా! అమ్మోరిది! గేది మొక్కు!"

సూర్యనారాయణ బయటికొచ్చి రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ పొట్లం మిగతా వాటికన్నా లావుగా ఉందని నాకు అనిపించింది. మా ఇంట్లో అమ్మ పొట్లం విప్పి, "కార్జం ఏదిరా?" అంది. లేదు. కాళ్ళూ లేవు.

అది మొదలు మామ మొక్కులకి అంతు లేకుండా పోయింది. పోయిన కరెంటు వచ్చిందని ఒక మేక, ఆటోలో ముందు సీటు దొరికిందని ఒక మేక. తిండియావకి అమ్మోరిని అడ్డం పెట్టుకుంటున్నాడని ఊరంతా నవ్వింది. ప్రతిసారీ మా అమ్మ కార్జం కోసం వెతికేది, ప్రతిసారీ అది ఉండేది కాదు. "మీ మామే మింగేత్తన్నాడు," అని తేల్చేసింది. ఎవరు మింగితే ఏం, ఆ మొక్కుల పుణ్యమా అని సూర్యనారాయణ మనవడు బుగ్గలు పొంగి బొద్దుగా తయారయ్యాడు.

మామ మంద మాత్రం తరిగిపోయింది. చివరికి మిగిలిన ముసలి మేక కూడా ఒక మొక్కుకి పోయింది. మామకి మొక్కుకోవడానికి కారణాలు బోలెడున్నాయి, కోయడానికి మేకలు లేవు.

ఒక ఆదివారం పొద్దున్న మా గుమ్మంలో ఒక గోధుమరంగు కుక్క పడుకుని ఉంది. రాయి విసిరితే లేచి నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి పడుకుంది. పరాయి కుక్కకి మా గుమ్మంలో ఏం పని అనుకుంటూ దగ్గరికెళ్ళి చూశాను. ఎముకలు తేలి పోల్చుకోలేనట్టు ఉంది గానీ, అది పరదేశి మామ కుక్క.

నేను సరాసరి వాళ్ళింటికి వెళ్ళాను. మామ అరుగు మీద కూర్చుని ఖాళీ మేకలదొడ్డి వైపు చూస్తున్నాడు. నన్ను చూడగానే నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ప్రశ్న రాకముందే నేను అడిగేశాను.

"మామా, మాంసం తిని ఎన్నాళ్ళయింది?"

జన్మలో ఆయన్ని ఆ మాట అడిగినవాడు లేడు. ఆయన బిక్కమొహం వేశాడు.

"నేను... శనోరం ఒగ్గేసేన్రా."

"ఇవాళ ఆదివారం."

"ఆదోరం కూడా ఒగ్గేసేను."

"బుధవారం?"

"బుదవారానికి మాత్రం దేవుడుండడేటి? ఎవులో ఒకలుంటార్లే!"

లోపల్నుంచి కాసులమ్మ అత్త వచ్చింది. చేతిలో గంజిగిన్నె. "ఆయన్నేటడుగుతావు బాబూ, నన్నడుగు. పోగులన్నీ ఊరికి పంచీసి, ఇంటికి ఉత్త బుట్ట తెత్తాడు. కార్జం, కాళ్ళు ఆ బాలింతింటికే ఎల్లేయి. మేకలమ్ముకుని ఈ ఏడు గట్టెక్కుదుమనుకున్నాను. కరెంటొచ్చిందంట, మేకని కోసేడు! కరెంటు మళ్ళీ పోయింది, మేక వచ్చిందా?"

"ఒసే, ఊరుకో," అన్నాడు మామ. "మరేటి సెయ్యమంటావు? నేదని సెప్పుకోనేక దేవుళ్ళ పేర్లు సెప్తన్నారు. ఊరకే ఇత్తే తీసుకుంటారేటి?"

నేను అక్కణ్ణుంచి తిన్నగా సూర్యనారాయణ ఇంటికి వెళ్ళి, కుక్క సంగతి చెప్పాను. ఆయన అంతా విన్నాడు. పెరట్లోకి వెళ్ళాడు. వాళ్ళింట్లో మిగిలిన ఒకే ఒక్క పుంజు కొక్కొరోకో అని అరిచింది.

మధ్యాహ్నానికి సూర్యనారాయణ టేకాకు పొట్లం పట్టుకుని మామ గుమ్మం ముందు నిలబడ్డాడు. వెనకే లావణ్య, చంకలో పిల్లాడు.

"బావా! అమ్మోరిది! మొక్కు తీర్సేను."

మామ అనుమానంగా చూశాడు. "ఏటి మొక్కు?"

"మా మనవడు తుమ్మేడు."

మామ పిల్లాణ్ణి చూశాడు, పొట్లాన్ని చూశాడు. "తుమ్మింది మనవడా, పుంజా? అసలే బర్డ్ ఫ్లూ రోజులు!"

లావణ్య పకపకా నవ్వింది. "పుంజు బాగానే ఉంది మావయ్యా. కార్జం కూడా ఇందులోనే ఉంది. అమ్మోరిది కాదనకూడదు కదా."

మామ ఇక ఏ దేవుడి పేరూ చెప్పలేక రెండు చేతులూ చాపాడు. పొట్లం విప్పి చూసి, "ముక్కలు సిన్నగా కొట్టేవు బావా. అయిపోయేం, మనకి ముక్క కొట్టడం కూడా రావట్లేదు," అన్నాడు. సూర్యనారాయణ వెనక్కి తిరుగుతుంటే ఆపి మళ్ళీ అడిగాడు. "మరి మీకుంచుకున్నారా?"

"ఉంచుకున్నాం బావా. ఒట్టు!"

కాసులమ్మ అత్త అప్పటికే పొయ్యి రాజేస్తోంది.

మర్నాడు పొద్దున్న నేను మా గుమ్మంలో నిలబడి వీధి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశాను. గోధుమరంగు కుక్క రాలేదు.